మేయరు పీపా మీద సుద్దగీత

చెర్రీలు కోయడానికి చేతులు చాలవు, మోకాళ్ళు కావాలి. ఆ జులైలో నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి.

మా వైపు పుల్ల చెర్రీ చెట్లు నేటి తోటల్లో చెట్ల లాంటివి కావు. పాతకాలం నాటివి, ఇంటి చూరు దాటి పోయినవి. కాయ చూస్తే గోళీకాయంత ఉండదు, కాసేది మాత్రం చిటారు కొమ్మలోనే. పొడుగు నిచ్చెన వేసుకుని, నడుముకి బుట్ట కట్టుకుని, ఒక చేత్తో కొమ్మనూ ఒక చేత్తో ప్రాణాన్నీ పట్టుకోవాలి. మరి కోసేది ఏ చేత్తో అని అడక్కండి. ఇన్నేళ్ళు కోశాను, నాకూ తెలియదు.

అప్పటికి నాకు అరవై దగ్గర పడ్డాయి. మా ఆయన ఫిర్మిన్ పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరం. ఒకటి నేను, రెండు మా అత్తగారు ఎమెరెన్స్. మాకు పిల్లలు లేరు. ఉన్నదల్లా నేలమాళిగ నిండా పీపాలు.

మేము బీరు కాచేవాళ్ళం కాదు. కాచేది దిగువన బట్టీవాళ్ళు. గోధుమా బార్లీ కలిపి ఉడికించిన రసాన్ని చలికాలపు రాత్రి అటక మీద వెడల్పాటి రాగి తొట్టిలో మూత లేకుండా వదిలేస్తారు. దాంట్లో తోడు వేసేది మనిషి కాదు, మా లోయలో గాలి. తెల్లారాక వెళ్ళి ఆ రసం తెచ్చుకుని మేం మా పీపాలకెత్తుకుంటాం. ఇక ఏడాదో, రెండేళ్ళో, మూడేళ్ళో కాచుకుని కూర్చోవడమే. అలా పులిసినదాన్ని లాంబిక్ అంటాం. దాంట్లో పుల్ల చెర్రీలు గింజలతో సహా పోసి నెలల తరబడి నానబెడితే క్రీక్ అవుతుంది. కాచుకుని కూర్చోవడం కూడా ఒక పనేనా అని నన్నడిగినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరూ మా నేలమాళిగ మెట్లు ఎక్కి దిగినవాళ్ళు కారు.

ఆ వేసవికి నేనొక నిర్ణయానికి వచ్చాను. మా అక్క ఇర్మా ఓస్టెండ్‌లో సముద్రం ఒడ్డున ఉంటుంది. బావ పోయాక ఆమె ఫ్లాటులో ఒక గది ఖాళీగా ఉంది. ఆ భవనానికి లిఫ్టు ఉంది. నిచ్చెన లేదు, నేలమాళిగ లేదు. వచ్చెయ్యవే, వచ్చెయ్యవే అని అక్క ఒకటే పోరు. ఈ ఏటి చెర్రీలు పీపాలో పడగానే వచ్చేస్తానని మాటిచ్చాను. నాకు ఆ ఇల్లంటే విసుగు పుట్టింది. ఉన్న మాట చెప్పడానికి సిగ్గెందుకు?

మిగిలింది మా అత్తగారికి చెప్పడం. అదే నా వల్ల కాలేదు. ఆవిడకి ఎనభై దాటాయి. నేను గడప దాటితే పీపాలు కడిగేవాళ్ళుండరు, చెట్టెక్కేవాళ్ళుండరు, ఆ ఇంటి పని అంతటితో సరి. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసిన సంగతిని నోటితో అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మా ఇంట్లో ఫోను వంటింట్లో ఉంటుంది. వంటింట్లో మా అత్తగారు ఉంటుంది. అందుకని అక్కతో మాట్లాడాలంటే పక్కింటి కామిల్ వాళ్ళ ఇంటికి వెళ్ళేదాన్ని.

“చెప్పావా?” అనేది అక్క, పలకరింపు కూడా లేకుండా.

“ఇంకా లేదు.”

“నువ్వు చెప్పేలోపు నా గదిలో పిల్లులు కాపురం పెడతాయే.”

“ఈ చెర్రీల పనొకటి అవనీ.”

“పోయినేడూ చెర్రీలే అన్నావ్. ఆ చెట్లకి నువ్వు తప్ప గతిలేదా, నీకు ఆ చెట్లు తప్ప గతిలేదా?”

ఆ పక్కనే కామిల్, అతని భార్య రేడియోలో సైకిల్ పందెం వింటున్నట్టు కూర్చునేవాళ్ళు. పందెం ఏ కొండెక్కుతోందో వాళ్ళకి తెలిస్తే ఒట్టు. చెవులు రెండూ నా వైపే ఉండేవి. కామిల్ మా ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. చెట్లలో సగం అతనివే. చెర్రీలు కోసేటప్పుడు నిచ్చెన పట్టుకునేదీ, పీపాల దగ్గర బరువులు ఎత్తేదీ అతనే. మంచివాడే కానీ, నోట్లో నువ్వుగింజ నానదు.

“భయపడకు వదినా, నేను పట్టుకున్నాగా నిచ్చెన,” అన్నాడు ఆ ఏడు మొదటి రోజు.

“నువ్వు పట్టుకున్నావనే భయం.”

“సముద్రం ఒడ్డున నిచ్చెనలు ఉండవంట కదా?”

నేను కొమ్మ వదలబోయి మళ్ళీ పట్టుకున్నాను. పైన గోరింకల మంద ఒకటి గోల చేస్తూ లేచింది. మేం కోసేలోపు అవి కోసుకుపోవాలని వాటి తొందర.

“ఒరేయ్ కామిల్, ఆ మాట మా అత్తయ్య చెవిన పడిందో, ఈ బుట్ట నీ నెత్తిన బోర్లిస్తా.”

“నేనా? నా నోట్లోంచి మాట రావాలంటే పళ్ళూడగొట్టాలి.”

అతని పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి. ఆ సంగతి గుర్తు చేసే ఓపిక కూడా నాకు లేకపోయింది. కిందికి దిగాను, బుట్ట గుమ్మరించాను, మళ్ళీ ఎక్కాను. చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. ఆ మరక ఆగస్టు దాకా పోదు. ఫిర్మిన్‌తో నా పెళ్ళి జులై చివర్లో జరిగింది. ఫోటోలో నా చేతులు పూలగుత్తి వెనక ఎందుకు దాక్కున్నాయో మా ఊరివాళ్ళెవరూ అడగలేదు. వాళ్ళ పెళ్ళి ఫోటోల్లోనూ అంతే.

ఇక్కడ మా అత్తగారి నాలుక సంగతి చెప్పాలి.

మా ఇంట్లో రుచి చూసే నాలుక ఎప్పుడూ ఒకటే. మా మామగారు పోయాక అది ఆవిడది. చెర్రీలు పోసే రోజున ఆవిడ గ్లాసు పట్టుకుని పీపా పీపాకీ వెళ్తుంది. మిగతావాళ్ళం మెట్ల దగ్గర నిలబడాలి, నోరెత్తకూడదు. ఏ పీపా చెర్రీలకి తగినదో దాని మీద ఆవిడ సుద్దతో గీత గీస్తుంది. గీత పడ్డాక ఇక మాట లేదు. ఫిర్మిన్ కూడా తల్లి ఉండగా ఆ గ్లాసు ముట్టలేదు. వంతు వస్తుందని చూసి చూసి, రాకుండానే పోయాడు పాపం. నేను ముప్పై ఏళ్ళు ఆ గ్లాసు కడిగాను. ఎప్పుడైనా నా చేతికిస్తుందేమోనని మొదట్లో ఆశపడ్డాను, తర్వాత కోపపడ్డాను, ఆ తర్వాత మర్చిపోయాను.

అలాంటి నాలుక ఆ చలికాలంలో పోయింది. పెద్ద జలుబు, జ్వరం పట్టుకుని పది రోజులు మంచం దిగలేదు. లేచాక ఒక రోజు నేను పరధ్యానంలో సూపులో రెండుసార్లు ఉప్పు వేశాను. నోట్లో పెట్టుకుంటే సముద్రమే. ఆవిడ గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, “బాగుందే” అంది. రొట్టె మాడితే వీధి చివరి నుంచే తిట్టుకుంటూ వచ్చే మనిషి! నాకు తెలిసిందని నేను చెప్పలేదు, తనకి తెలియడం లేదని ఆవిడా చెప్పలేదు. ఇద్దరం అదే బల్ల దగ్గర తింటూ వచ్చాం.

పీపాల సంగతి కూడా ఒక మాట. మా పీపాలకి నంబర్లు లేవు, పేర్లున్నాయి. మా మామగారి తండ్రి పెట్టినవి. బాగా పొట్ట ఉన్నది మేయరు. కొడితే బదులు పలకనిది చెవిటోడు. మూలన ఎవరి జోలికీ పోకుండా ఉండేది సన్యాసిని. ఇంకా ఉన్నాయి కానీ ఆ ఏడు చెర్రీలకి వయసొచ్చినవి ఈ మూడే.

చెర్రీలు కోయడానికి వారం ముందు కుళాయిలు కడుగుతుంటే మేయరు దగ్గర వాసన తేడాగా తగిలింది. పైన ఇనప పట్టీ సడలి, చెక్క ఎండి, సందులోంచి గాలి దూరింది. కుళాయి నుంచి చుక్క వేలి మీద పట్టుకుని నాకాను. మంచి లాంబిక్ పులుపు పుల్ల మజ్జిగలా నాలుకను లాగుతుంది కానీ, మింగాక ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. ఇది ముక్కులో గుచ్చి గొంతు కాల్చింది. మేయరు వెనిగర్ అయిపోయాడు. కిటికీలు తుడుచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాడు.

పైకెళ్ళి చెప్పాలి. చెప్పలేదు. రుచి చూసే మనిషి వేరే ఉండగా నేనెందుకు నాకానని అడుగుతుంది. ఆవిడే చూసుకుంటుందిలే అనుకున్నాను. చూసుకోవడం ఆవిడ వల్ల కాదని నాకు లోపల తెలుసు.

చెర్రీలు పోసే రోజు వచ్చింది. కోసిన కాయను ఎక్కువసేపు ఉంచకూడదు, బుట్టలోనే పులవడం మొదలుపెడుతుంది. పొద్దున్నే కామిల్ వచ్చి బకెట్లన్నీ కిందికి దించాడు. నేలమాళిగ చల్లగా, చీకటిగా ఉంది. మూలల్లో సాలెగూళ్ళు తెరల్లా వేలాడుతున్నాయి. చెర్రీ వాసనకి ఈగలొస్తాయి, ఈగలతో వెనిగర్ పురుగొస్తుంది, ఆ ఈగలని తినేది సాలీళ్ళు. అందుకని మా ఇంట్లో బూజు దులిపిన కోడలికి వీపు దులుపుతారు.

మా అత్తగారు ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. నల్ల గౌను మీద ఉతికిన ఏప్రన్ కట్టుకుంది. తల దువ్వి ముడి వేసుకుంది. చర్చికి వెళ్ళేటప్పుడు కూడా ఆవిడ అంత ముస్తాబు కాదు.

“పెద్దమ్మా, పెళ్ళిచూపులా ఏంటి?” అన్నాడు కామిల్.

“నిన్ను చూడ్డానికి మాత్రం కాదులే. నోరు మూసుకుని నిలబడు.”

మొదట చెవిటోడి కుళాయి విప్పింది. గ్లాసు వెలుతురుకి పట్టి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, గుక్క పుచ్చుకుని నోట్లో తిప్పి నేల మీద ఉమ్మింది. తర్వాత సన్యాసిని. అదే వరస. తర్వాత మేయరు. గుక్క పుచ్చుకుని కాసేపు అలాగే నిలబడింది. ఉమ్మలేదు, మింగింది. కళ్ళు చెమ్మగిల్లాయి. ముసలికళ్ళు కదా, తడిగా ఉంటూనే ఉంటాయి అనుకున్నాను.

జేబులోంచి సుద్దముక్క తీసి మేయరు పొట్ట మీద అడ్డంగా గీత గీసింది.

“దీంట్లో పోయండి,” అంది.

ఆ క్షణాన నేను ఆలోచించింది చెర్రీల గురించి కాదు. ఉన్నదున్నట్టు చెబుతాను. నోరు మూసుకుంటే చాలు అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో నేను చేసిన పని అదే కదా, ఇంకొక్కసారి చెయ్యాలి, అంతే. చెర్రీలు వెనిగర్‌లో పడతాయి. నాలుగు నెలలకి మా క్రీక్ కొనే కేఫుల వాళ్ళు రుచి చూసి మొహం చిట్లిస్తారు. ఎమెరెన్స్ నాలుక పోయిందని ఊరంతా తెలుస్తుంది. ఇల్లు దానంతటదే మూతపడుతుంది. నేను ఎవరినీ వదిలేసి పోయినట్టు కాదు. ఓస్టెండ్‌లో లిఫ్టెక్కి, కుర్చీలో కూర్చుని, సముద్రం వంక చూస్తూ మోకాళ్ళకి తైలం రాసుకోవచ్చు.

నోరు విప్పితే? నోరు విప్పితే మేయరు సంగతి నాకెలా తెలిసిందని అడుగుతారు. నాలుక ఉన్నది నాకని తేలిపోతుంది. నాలుక ఉన్న మనిషి ఆ ఇంట్లోంచి కదలలేదు. రెండేళ్ళ పీపాలున్నాయి, ఏడాదివున్నాయి, మొన్న చలికాలం నింపినవున్నాయి. వాటన్నిటి రుచీ చూసేవాళ్ళెవరు?

నోరు మూసుకున్నాను.

కామిల్ మేయరు పైన బిరడా తీసి గరాటు పెట్టాడు. కాయలు అడ్డుపడకుండా కుళాయి వెనక పుల్లల కట్ట ఉందో లేదో కర్రతో తడిమి చూశాడు. మొదటి బకెట్టు నేనే అందించాను. నా చేతులతో నేనే అందించాను. అతను దాన్ని భుజం దాకా ఎత్తాడు.

ఆ బకెట్లో పైన తొడిమతో ఉన్న కాయలు కనిపించాయి. ఏ కాయ ఏ కొమ్మదో నాకు తెలుసునని బడాయిలు పోను. కానీ తొడిమతో తెగిన కాయలు కొసన, చెయ్యి చాలని చోట లాగి తెంపినవి. నిచ్చెన చివరి మెట్టు మీద బొటనవేళ్ళ మీద నిలబడి, మోకాలు కలుక్కుమంటే ఏడుస్తూ తెంపినవి. వాటిని కిటికీలు తుడిచే నీళ్ళలో పొయ్యడమా? నాకు మంట పుట్టింది. అది ప్రేమా కాదు, ధర్మమూ కాదు, వట్టి కోపం.

“ఆగు కామిల్!”

అతను ఆగాడు. మా అత్తగారు తల తిప్పింది.

“అది పోయింది. వెనిగరైపోయింది,” అన్నాను.

“ఎవరన్నారు?” అంది ఆవిడ.

“నేనన్నాను.”

“గీత పడ్డాక మాట్లాడతారా ఈ ఇంట్లో?”

“మాట్లాడరు. నేను మాట్లాడుతున్నాను. వారం కిందటే చూశాను, అప్పుడే చెప్పాల్సింది. దాంట్లో ఒక్క కాయ పడ్డా ఊరుకోను.”

“నీకేం తెలుసే?”

“నాలుకుందిగా అత్తయ్యా! ముప్పై ఏళ్ళుగా నోట్లోనే ఉంది. మీరెప్పుడైనా అడిగితేగా?”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఇంతకీ పొయ్యమంటారా, దింపమంటారా?” అన్నాడు కామిల్, బకెట్టు కిందనుంచి. “మీ అత్తాకోడళ్ళ తగువు తేలేలోపు నా నడుం పోయేట్టుంది.”

మా అత్తగారు నన్ను చాలాసేపు చూసింది. కోపంగా చూసుంటే నేను తట్టుకునేదాన్ని. అది కోపం కాదు. మంచి నిద్రలో ఉన్నవాళ్ళని లేపితే అలా చూస్తారు. తర్వాత ఏప్రన్ కొంగుతో మేయరు మీది గీత తుడిచేసింది. గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. సుద్దముక్క కూడా ఇచ్చింది. మెట్ల మీద కూర్చుని గోడకి తల ఆనించింది.

నేను చెవిటోణ్ణి రుచి చూశాను. ఇంకా మొరటుగా ఉన్నాడు, ఇంకో చలికాలం పట్టేలా ఉంది. సన్యాసిని దగ్గరికి వెళ్ళాను. గుక్క పుచ్చుకున్నాను. పుల్లగా, శుభ్రంగా, చివర్న పాత చెక్క వాసనతో దిగింది. ఎప్పుడో కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఆ గ్లాసు నా చేతికొస్తే ఊరంతా పరిగెత్తి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఏమీ అనిపించలేదు. సన్యాసిని మీద గీత గీశాను.

కాయలకి చోటిచ్చేటంత లాంబిక్ తోడేసి, సాయంత్రం దాకా పోశాం. బకెట్టు ఎత్తడం, గరాటులో గుమ్మరించడం, కర్రతో కదపడం. పైన జానెడు ఖాళీ వదిలాం. పులవడం మొదలైందంటే నురుగు తన్నుకొస్తుంది, దానికి చోటు కావాలి. బిరడా బిగించకుండా రంధ్రం మీద తడిగుడ్డ వేశాం. బిగిస్తే పీపా బద్దలై గోడలన్నీ రక్తం చిందినట్టవుతాయి. ఇక వారాల తరబడి పొద్దుటా సాయంత్రం దిగి ఆ నురుగు తుడవాలి, గుడ్డ మార్చాలి, దారి మూసుకుపోకుండా చూసుకోవాలి. దిగేది ఎవరో ఎవరూ అడగలేదు.

“వదినా, నోరు భలే విప్పావ్,” అని కామిల్ గడప దగ్గర గుసగుసగా అన్నాడు. “కాస్త ముందు విప్పుంటే నా నడుం మిగిలేది.” టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. రేపటికి ఊరంతా పాకుతుందని తెలుసు.

వంటింట్లో మా అత్తగారు రొట్టె కోసి బల్ల మీద పెట్టింది. తెల్ల జున్ను, ముల్లంగి ముక్కలు, ఉల్లికాడలు. రోజూ పెట్టేదాన్ని నేను. ఆ రోజు ఆవిడే పెట్టింది. నేను చేతులు కడుక్కుని, కడిగినా పోని ఎరుపుతోనే కూర్చున్నాను.

“మీ అక్కకి ఫోన్ చేశావా?” అంది.

నేను ముల్లంగి ముక్క మీద ఉప్పు చల్లుకున్నాను.

“ఏ అక్క?”

“నీకు పదిమంది ఉన్నట్టు! ఓస్టెండ్ అక్క. ఖాళీ గది, లిఫ్టు. కామిల్ పెళ్ళాం ఈస్టరుకి ముందే చెప్పింది.”

ఆవిడ జున్ను రొట్టెకి రాస్తూ మాట్లాడింది.

“నాలుక పోయిందే. నీకు తెలుసని నాకు తెలుసు. ఆ సూపు తాగిన రాత్రి దాహమేసి కూజా ఖాళీ చేశాను. అప్పుడు తెలిసింది నువ్వు ఉప్పు కుమ్మరించావని. కానీ వెనిగర్‌కి నాలుకెందుకే? గొంతు చెబుతుంది. ఇప్పటికీ మండుతోంది.”

ముల్లంగి ముక్క పళ్ళెంలో పెట్టేశాను.

“తెలిసే గీశారా?”

“తెలిసే గీశాను.”

“ఎందుకు? నా చెర్రీలు నాశనం చెయ్యడానికా? నా మోకాళ్ళు విరిగాయి వాటికోసం!”

“అరవకు. నీ నోరు ఇవాళ బాగా లేచింది.” రొట్టె నా పళ్ళెంలో పెట్టింది. “ఇల్లు మూసేస్తున్నానని నా నోటితో నేను అనలేనే. మా ఆయన తాత పేరుంది ఆ తలుపు మీద. నువ్వేమో పోతానని అనలేవు. పోతే కోడలు ముసలిదాన్ని వదిలేసి పోయిందంటారు. అదే ఈ ఏటి క్రీక్ పాడైందనుకో, ముసలిదాని నాలుక పోయింది, ఇల్లు మునిగింది అంటారు. అననీ. నాలుగు రోజులంటారు, ఊరుకుంటారు. నువ్వు హాయిగా రైలెక్కేదానివి.”

నేను రొట్టె ముట్టకుండా పళ్ళెం పక్కకి జరిపాను.

“నోరు మూసుకుంటుందిలే అనుకున్నా,” అంది. “ముప్పై ఏళ్ళు మూసుకున్న దానివి. ఇంకొక్కసారి మూసుకోలేకపోయావా?”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద కోపమొచ్చింది. నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఆ మంటలో లేచి వెళ్ళిపోదామని కుర్చీ వెనక్కి తోశాను. మోకాళ్ళు లేవలేదు. అలాగే కూర్చుండిపోయాను. ఆవిడ బల్ల మీదనుంచి చెయ్యి చాచి నా ముంజేతి మీద వేసింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అనుకుంటాను. ఆ చెయ్యి కట్టెముక్కలా గట్టిగా, పొడిగా ఉంది. తీసెయ్యాలనిపించలేదు.

“సన్యాసిని ఎలా ఉంది?” అంది కాసేపటికి, మెల్లగా.

“బాగుంది.”

“బాగుందంటే ఎలా? సరిగ్గా చెప్పు. నాకిక తెలిసే దారి లేదు.”

చెప్పాను. పులుపు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో, చివర్న చెక్క వాసన ఎలా వస్తుందో, నాకొచ్చిన మాటలతో చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని దవడ కదుపుతూ వింది. నోట్లో ఏదో తిప్పుతున్నట్టు.

“ఈ ఒక్క పీపా నురుగు ఆగేదాకా ఉంటాను,” అన్నాను. “ఆగగానే వెళ్ళిపోతాను. అక్కకి అదే చెబుతాను.”

“చెప్పు, చెప్పు,” అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. “నేను మాత్రం కోడలిగా వచ్చాననుకున్నావా ఈ ఇంటికి? చెర్రీలు కొయ్యడానికి కూలికొచ్చాను, ఒక్క వేసవికని. మా అత్త జబ్బుపడితే, అప్పుడు పోసిన పీపా నురుగు ఆగేదాకా ఉంటానన్నాను.”

“మరి వెళ్ళలేదేం?”

“అది ఆగేసరికి పక్క పీపా కక్కడం మొదలెట్టింది.”